రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరుచుకోవడం లేదా? రీసెట్ బటన్ జోలికి వెళ్లే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఇంట్లో ఇంటర్నెట్ చక్కగా వస్తోంది, వీడియోలు ఆగకుండా నడుస్తున్నాయి. వైఫై పాస్‌వర్డ్ మార్చుదామని బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే మాత్రం పేజీ రావడం లేదు. ఫోనులోనూ అంతే, ల్యాప్‌టాప్‌లోనూ అంతే. రౌటర్ వెనుక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి నొక్కేస్తే సరిపోతుందని ఎవరో సలహా ఇచ్చారు. నొక్కాలా వద్దా అని అడిగారు.

వద్దు. కనీసం ఇప్పుడే వద్దు. ఇంటర్నెట్ వస్తోందంటే రౌటర్ పని చేస్తోంది, మీ ఫోనూ ల్యాప్‌టాప్‌ దానితో మాట్లాడుతూనే ఉన్నాయి. అడ్డు ఎక్కడో మీకూ ఆ పేజీకీ మధ్య ఉంది. అది ఎక్కడుందో కనిపెట్టడం పెద్ద పనేమీ కాదు. రీసెట్ చేస్తే మాత్రం ఇప్పుడు బాగా నడుస్తున్న ఇంటర్నెట్ కూడా ఆగిపోవచ్చు. ఎందుకు ఆగుతుందో చివర్లో వివరంగా చెబుతాను.

మొదట చిరునామా సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే నా అనుమానం ముందుగా దాని మీదే. 192.168.1.1 అన్నది అన్ని రౌటర్లకూ ఉమ్మడి చిరునామా అని చాలామంది అనుకుంటారు. అలాంటి నియమం ఏదీ లేదు. ఇళ్లు, ఆఫీసుల లోపలి వాడకం కోసం కేటాయించిన చిరునామాలు మూడు శ్రేణుల్లో ఉన్నాయి: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ప్రమాణ పత్రంలో ఈ కేటాయింపు ఉంది. వీటిలో తనకు నచ్చినది తయారీదారు పెట్టుకోవచ్చు. అందుకే కొన్ని రౌటర్లు 192.168.0.1తో వస్తాయి, కొన్ని 192.168.1.254తో, ఇంకొన్ని 10.0.0.1తో. షావోమీ రౌటర్లలో 192.168.31.1, ఆసుస్ కొత్త మోడళ్లలో 192.168.50.1, మైక్రోటిక్‌లో 192.168.88.1 ఉంటాయి. కేబుల్ మోడెముల్లో, కొన్ని ఫైబర్ పెట్టెల్లో 192.168.100.1 తరచుగా కనిపిస్తుంది. వీటికి తోడు, కనెక్షన్ ఇచ్చినప్పుడు వచ్చిన టెక్నీషియన్ ఆ చిరునామాను మార్చి ఉండవచ్చు కూడా.

కాబట్టి జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటే కొట్టి చూసే పని పెట్టుకోకండి. మీ పరికరాన్నే అడగండి. రౌటర్ చిరునామా దానికి కచ్చితంగా తెలుసు, తెలియకపోతే మీకు ఇంటర్నెట్ వచ్చేదే కాదు. విండోస్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అనే ఆదేశాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. వచ్చిన వివరాల్లో డీఫాల్ట్ గేట్‌వే అనే వరుస పక్కన ఉన్న అంకెలే మీ రౌటర్ చిరునామా. ఐఫోనులో వైఫై సెట్టింగ్స్‌కు వెళ్లి, కనెక్ట్ అయిన నెట్‌వర్క్ పక్కన ఉన్న ఐ గుర్తును నొక్కితే రౌటర్ అనే వరుస ఉంటుంది. ఆండ్రాయిడ్‌లోనూ ఆ నెట్‌వర్క్ వివరాల్లోనే గేట్‌వే అని కనిపిస్తుంది, పేర్లు ఒక్కో కంపెనీ ఫోనులో కొద్దిగా మారతాయి. మ్యాక్‌లో వైఫై నెట్‌వర్క్ వివరాల్లోకి వెళ్లి టీసీపీ ఐపీ విభాగం చూడండి.

విండోస్ ఫలితాన్ని చదివేటప్పుడు రెండు చోట్ల పొరపడే వీలుంది. మొదటిది, అక్కడ ఒకటికి మించి అడాప్టర్లు, అంటే కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌కు కలిపే భాగాలు, కనిపిస్తాయి. కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ లాంటి ప్రోగ్రాములు పెట్టుకున్నవారికి 192.168.56.1 అని ఒకటి కనిపిస్తుంది. అది మీ కంప్యూటర్ సొంత వర్చువల్ అడాప్టర్ చిరునామా, దానికీ రౌటర్‌కూ సంబంధం లేదు. మీరు నిజంగా వాడుతున్న వైఫై లేదా ఈథర్‌నెట్ అడాప్టర్ కింద ఉన్న గేట్‌వేనే తీసుకోండి. రెండోది, గేట్‌వే పక్కన మొదట ఎఫ్‌ఈ80తో మొదలయ్యే పొడవాటి చిరునామా ఉండి, దాని కింది వరుసలో మామూలు అంకెలు ఉండవచ్చు. ఆ పొడవాటిది ఐపీవీ6 అనే కొత్త పద్ధతి చిరునామా. దాన్ని కాపీ చేసి బ్రౌజర్‌లో పెడితే పేజీ రాదు. కింది వరుసలోని నాలుగు భాగాల అంకెలనే వాడండి.

చిరునామా దొరికాక దాన్ని ఎక్కడ కొడుతున్నారో కూడా ముఖ్యమే. బ్రౌజర్ తెరవగానే మధ్యలో కనిపించే పెట్టె సాధారణంగా వెతకడానికి ఉద్దేశించినది. చిరునామాలో ఒక్క చుక్క తప్పినా, 1 బదులు ఇంగ్లిష్ చిన్న ఎల్ అక్షరం పడినా, ముందు మూడు డబ్ల్యూలు చేర్చినా బ్రౌజర్ దాన్ని వెతకాల్సిన మాటగా తీసుకుంటుంది. పైనున్న అడ్రస్ బార్‌లో, ముందు హెచ్‌టీటీపీ అని, కోలన్, రెండు స్లాష్‌లు పెట్టి, ఆ తర్వాత అంకెలు కొట్టండి. అప్పుడు బ్రౌజర్‌కు సందేహం ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. అలా పొరపాటున వెతుకులాటలోకి వెళ్లినప్పుడు రౌటర్ లాగిన్‌కు సహాయం చేస్తామంటూ ఫోను నంబర్లు ఇచ్చే పేజీలు పైకి వస్తాయి. వాటిలో మోసపు పేజీలు ఉంటాయి. ఆ నంబరుకు ఫోను చేస్తే మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే యాప్ పెట్టమంటారు, లేని వైరస్ చూపించి డబ్బు అడుగుతారు. రౌటర్ పేజీ మీ ఇంటి పెట్టెలోనే ఉంటుంది. దాన్ని తెరవడానికి బయటివారెవరూ మీ కంప్యూటర్‌లోకి రావలసిన అవసరం లేదు. ఇంట్లో పెద్దవారు ఈ పని చేస్తుంటే ఈ ఒక్క మాట వారికి తప్పకుండా చెప్పండి.

కొన్ని రౌటర్ల స్టిక్కర్ మీద అంకెలకు బదులు పేరు ఉంటుంది. టీపీలింక్‌వైఫై డాట్ నెట్, రౌటర్‌లాగిన్ డాట్ నెట్ లాంటివి. ఈ పేర్లు పని చేసే పద్ధతి తెలిస్తే అవి ఎప్పుడు పని చేయవో కూడా తెలుస్తుంది. మీ పరికరం ఏ వెబ్‌సైటు పేరు అడిగినా మామూలుగా ఆ ప్రశ్న ముందు రౌటర్‌కే వెళుతుంది. తన పేరు అడిగినప్పుడు రౌటర్ తన సొంత చిరునామానే జవాబుగా ఇస్తుంది. ఇలా పేరుకు అంకెల చిరునామా చెప్పే సేవను డీఎన్‌ఎస్ అంటారు. మీరు దాన్ని 8.8.8.8 అనో 1.1.1.1 అనో మార్చుకుని ఉంటే, లేదా బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ నడుస్తుంటే, ఆ ప్రశ్న రౌటర్‌ను దాటి బయటికి వెళ్లిపోతుంది. జవాబు బయటి నుంచి వస్తుంది, మీ రౌటర్ పేజీ రాదు. 2016లో ఒక తయారీదారు ఇలాంటి పేరు గడువును పొడిగించకపోవడంతో అది ఇతరుల చేతికి వెళ్లిన సందర్భం కూడా ఉంది. అందుకే నేను పేరు కన్నా అంకెలనే నమ్ముకోమంటాను.

సరైన చిరునామా కొట్టినా పేజీ రాకపోతే, ఎలా రావడం లేదో జాగ్రత్తగా చూడండి. సహాయం అడిగే వారిలో చాలామంది ఓపెన్ కావడం లేదు అని మాత్రమే రాస్తారు. కానీ తెర మీద కనిపించే తీరులోనే సగం జవాబు ఉంటుంది. చాలాసేపు తిరిగి తిరిగి ఆగిపోవడం వేరు, కొట్టగానే కనెక్షన్ నిరాకరించారని రావడం వేరు, భద్రత లేదన్న హెచ్చరిక రావడం వేరు, లాగిన్ పేజీ వచ్చి పాస్‌వర్డ్ తప్పనడం వేరు.

చాలాసేపు తిరిగి ఆగిపోతోందంటే మీ ప్రశ్న రౌటర్ పేజీ దాకా చేరడం లేదు, లేదా చేరినా జవాబు రావడం లేదు. ఇక్కడ నేను మొదట అడిగేది, మీరు గెస్ట్ వైఫైలో ఉన్నారా అని. అతిథుల కోసం పెట్టిన ఆ నెట్‌వర్క్ నుంచి ఇంటర్నెట్ వస్తుంది కానీ రౌటర్ పేజీకి దారి మూసి ఉంటుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. మీకు ఫోనులోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకే ఇబ్బంది ఉంది కాబట్టి, ఎప్పుడో ఒకసారి గెస్ట్ పేరుకు కనెక్ట్ చేసి అలాగే వదిలేశారేమో చూసుకోండి. చిరునామా తర్వాత నా అనుమానం దీని మీదే.

ఆ తర్వాత వీపీఎన్, అంటే మీ రాకపోకలను మరో చోటి సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు. ఆఫీసు వీపీఎన్‌లు చాలావాటిలో మీ రాకపోకలన్నీ ఆఫీసు వైపు మళ్లుతాయి, ఇంటి లోపలి చిరునామాలు కూడా వాటిలో కలిసిపోతాయి. కాసేపు దాన్ని ఆపి ప్రయత్నించండి. ఫోనులో అయితే మొబైల్ డేటా కూడా ఆపండి. వైఫైలో ఇంటర్నెట్ లేదని ఫోను అనుకుంటే చెప్పకుండానే మొబైల్ డేటా వైపు తిరుగుతుంది, అక్కడి నుంచి మీ రౌటర్ కనిపించదు. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ప్రాక్సీ (వెబ్ రాకపోకలను మధ్యలో మరో కంప్యూటర్ మీదుగా పంపే అమరిక) కూడా ఇదే పని చేస్తుంది, సిస్టమ్ సెట్టింగ్స్‌లో చూసి తీసేయండి.

మ్యాక్ వాడుతున్నవారికి ఒక ప్రత్యేక సంగతి. 2024లో వచ్చిన సెకోయా వెర్షన్ నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోని ఇతర పరికరాలతో మాట్లాడాలంటే ఒక్కో యాప్‌కూ విడిగా అనుమతి ఉండాలి. మొదటిసారి అడిగినప్పుడు వద్దని నొక్కి ఉంటే క్రోమ్‌లో బయటి వెబ్‌సైట్లన్నీ మామూలుగా తెరుచుకుంటాయి, రౌటర్ పేజీ ఒక్కటే రాదు. సఫారీలో మాత్రం అదే పేజీ వచ్చేస్తుంది. ఈ తేడా చూసి రౌటర్‌లోనే ఏదో చెడిపోయిందని బెంగపడేవారు ఉన్నారు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగం కింద లోకల్ నెట్‌వర్క్ అనే చోట ఆ బ్రౌజర్‌కు అనుమతి ఇవ్వండి. ఐఫోన్లలో 2020 నాటి ఐఓఎస్ 14 నుంచే ఇలాంటి అనుమతి ఉంది. తయారీదారు యాప్‌కు రౌటర్ దొరకకపోతే అక్కడ చూడండి.

వీటన్నిటి కన్నా ఎక్కువ సంగతులు ఒకేసారి తేల్చే పరీక్ష ఒకటుంది. ఒక లాన్ కేబుల్ తీసుకుని ల్యాప్‌టాప్‌ను నేరుగా రౌటర్‌కు కలపండి. కేబుల్‌ను లాన్ అని రాసి ఉన్న సాకెట్లలో ఒకదానిలో పెట్టండి, వాన్ లేదా ఇంటర్నెట్ అని రాసినదానిలో వద్దు. ల్యాప్‌టాప్ వైఫై ఆపేయండి. వీపీఎన్ ఆపేయండి. గేట్‌వే మళ్లీ చూసి, ఆ చిరునామా కొట్టండి. ఇప్పుడు పేజీ వస్తే ఇబ్బంది వైఫై వైపు ఉందని తేలిపోయింది: గెస్ట్ నెట్‌వర్క్ కావచ్చు, లేదా వైఫై నుంచి సెట్టింగ్స్ తెరవకుండా రౌటర్‌లోనే నిషేధం పెట్టి ఉండవచ్చు. కేబుల్ సాకెట్ లేని ల్యాప్‌టాప్ అయితే యూఎస్‌బీ అడాప్టర్ సరిపోతుంది. ఎలాగూ సెట్టింగ్స్‌లో వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చేటప్పుడు కేబుల్ మీద ఉండటమే మంచిది, మార్చగానే వైఫై తెగిపోయి మధ్యలో నిలిచిపోకుండా ఉంటుంది.

కేబుల్ మీద కూడా రాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ (ping) అని కొట్టి, ఖాళీ వదిలి, గేట్‌వే చిరునామా ఇవ్వండి. జవాబులు వస్తే రౌటర్ మీ మాట వింటోంది, పేజీ చూపించే భాగం మాత్రమే స్పందించడం లేదు. జవాబులు రాకపోయినా వెంటనే నిర్ధారణకు రావద్దు, పింగ్‌కు జవాబివ్వకుండా పెట్టిన రౌటర్లు కూడా ఉంటాయి. ఒక్క విషయం జాగ్రత్తగా చదవండి. విండోస్‌లో కొన్నిసార్లు జవాబు వచ్చినట్టే వరుస కనిపిస్తుంది, కానీ అందులో గమ్యం చేరలేకపోయామన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం ఉంటుంది. ఆ వరుసలో ఉన్న చిరునామా రౌటర్‌ది కాదు, మీ కంప్యూటర్‌దే. అంటే ఆ చిరునామాతో నెట్‌వర్క్‌లో ఎవరూ దొరకలేదని మీ కంప్యూటర్ మీకే చెబుతోంది.

ఐపీకాన్ఫిగ్‌లో మీ సొంత చిరునామా 169.254తో మొదలైతే కథ వేరు. రౌటర్ నుంచి చిరునామా అందనప్పుడు కంప్యూటర్ తనకు తానే పెట్టుకునేది అది. మీకు ఇంటర్నెట్ వస్తోంది కాబట్టి ఇది మీ సమస్య కాదు. ఇదే ఇబ్బందితో ఇక్కడికి వచ్చి చదివే ఇతరులు మాత్రం ముందు కేబుల్ సరిగా కూర్చుందో లేదో, చిరునామా ఆటోమేటిక్‌గా తీసుకునే అమరిక ఉందో లేదో చూసుకోవాలి.

కొట్టగానే కనెక్షన్ నిరాకరించారని వస్తే, ఎదుట ఒక యంత్రం ఉంది కానీ మీరు తట్టిన పోర్టులో (యంత్రంలో ఒక్కో సేవకు ఒక్కో సంఖ్యతో ఉండే తలుపు లాంటిది) ఎవరూ లేరు. హెచ్‌టీటీపీతో రాకపోతే హెచ్‌టీటీపీఎస్‌తో, హెచ్‌టీటీపీఎస్‌తో రాకపోతే హెచ్‌టీటీపీతో ప్రయత్నించండి. భద్రమైన కనెక్షన్లే కావాలని బ్రౌజర్‌లో పెట్టుకుని ఉంటే అది మీరు కొట్టినదాన్ని తనంతట తానే మార్చేస్తుంది, ఆ అమరికను కాసేపు ఆపండి. కొందరు సెట్టింగ్స్ పేజీని 8080 లేదా 8443 పోర్టుకు మార్చి ఉంచుతారు. అలాంటప్పుడు చిరునామా చివర కోలన్ పెట్టి ఆ సంఖ్య చేర్చాలి.

రౌటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయడం కూడా ఇక్కడే పనికొస్తుంది. ఇంటర్నెట్ రాకపోకలు చూసే భాగం, సెట్టింగ్స్ పేజీ చూపించే చిన్న ప్రోగ్రాము రౌటర్ లోపల వేర్వేరుగా నడుస్తాయి. నెలల తరబడి ఆపకుండా నడిచిన పెట్టెలో రెండోది స్తంభించిపోయినా మొదటిది మామూలుగానే సాగుతుంది. మీ పరిస్థితికి సరిగ్గా సరిపోయే కారణాల్లో ఇదొకటి. కరెంటు ప్లగ్గు తీసి అర నిమిషం ఆగి పెట్టండి, దీపాలన్నీ నిలకడగా వెలిగే దాకా కొన్ని నిమిషాలు ఓపిక పట్టండి. ఇలా చేస్తే సెట్టింగ్స్ ఏవీ పోవు. ఇది రీస్టార్ట్. పిన్నుతో నొక్కేది రీసెట్. ఈ రెండు మాటలూ వినడానికి దగ్గరగా ఉన్నాయి, ఫలితాలు మాత్రం చాలా దూరం.

కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరిక వస్తే మాత్రం సంతోషించండి, మీరు గుమ్మం దాకా వచ్చారు. రౌటర్ తన సర్టిఫికెట్‌ను, అంటే తన గుర్తింపు పత్రాన్ని, తానే తయారు చేసుకుంటుంది, దాన్ని బ్రౌజర్ గుర్తించదు. గేట్‌వే చిరునామా అదేనని సరిచూసుకుని, మీ ఇంటి నెట్‌వర్క్‌లోనే ఉన్నారని నిర్ధారించుకుని, వివరాలు అనే చోట నొక్కి ముందుకు వెళ్లవచ్చు. ఇదే హెచ్చరిక బ్యాంకు వెబ్‌సైటులో వస్తే మాత్రం వెనక్కి రావాల్సిందే, ఆ తేడా మనసులో పెట్టుకోండి. బాగా పాత రౌటర్లలో ముందుకు వెళ్లే దారే ఉండకపోవచ్చు. కనెక్షన్‌ను భద్రంగా ఉంచే టీఎల్‌ఎస్ 1.0, 1.1 అనే పాత పద్ధతులను ప్రధాన బ్రౌజర్లు 2020లో వదిలేశాయి. ఆ రౌటర్‌కు హెచ్‌టీటీపీ తెరిచి ఉంటే అలా వెళ్లండి, కొత్త ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఉందేమో చూడండి. అదీ లేకపోతే ఆ పెట్టెను మార్చే సమయం వచ్చిందని నా అభిప్రాయం. తెల్లటి ఖాళీ పేజీయో సగం పేజీయో వస్తే ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి. ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్లు, పాత కుకీలు ఈ పని చేస్తాయి.

ఇప్పుడు ఇంట్లో రెండు పెట్టెలు ఉన్నవారి గురించి చెప్పాలి. చాలామందికి తమ ఇంట్లో రెండు రౌటర్లు ఉన్నాయన్న సంగతే తెలియదు. ఇంటర్నెట్ సంస్థ బిగించిన ఫైబర్ పెట్టె ఒకటి, వైఫై బాగా రావాలని తర్వాత కొన్నది మరొకటి. సంస్థ ఇచ్చిన పెట్టె తరచుగా తానూ ఒక రౌటరే. రెండూ 192.168.1.1నే తమ చిరునామాగా పెట్టుకుంటే, మీరు ఆ అంకెలు కొట్టినప్పుడల్లా దగ్గరిదే పలుకుతుంది, అవతలిది ఎప్పటికీ దొరకదు. ఒకే ఊళ్లో రెండు ఇళ్లకు ఒకే డోరు నంబరు వేస్తే ఉత్తరం ముందున్న ఇంట్లోనే పడుతుంది కదా, ఇదీ అంతే. కొన్ని రౌటర్లు ఈ తగాదాను పసిగట్టి తమ చిరునామాను తామే మార్చుకుంటాయి. నిన్నటి దాకా వచ్చిన పేజీ ఈరోజు అదే చిరునామాలో రాకపోవడానికి అది కూడా ఒక కారణం.

ఎన్ని పెట్టెలు ఉన్నాయో తెలుసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ట్రేసర్ట్ (tracert) అని, ఖాళీ వదిలి, 1.1.1.1 అని కొట్టండి. మీ ప్రశ్న దాటి వెళ్లే ఒక్కో మజిలీ ఒక్కో వరుసలో వస్తుంది. మొదటి వరుస మీ దగ్గరి రౌటర్. రెండో వరుసలో కూడా 192.168తో మొదలయ్యే చిరునామా ఉంటే అది చాలావరకు ఇంట్లోని రెండో పెట్టె. రెండో వరుసలో 100.64 నుంచి 100.127 మధ్య చిరునామా కనిపిస్తే అది ఇంటర్నెట్ సంస్థ పరికరం, మీ ఇంట్లోది కాదు. 10తో మొదలైనా సంస్థదే అయ్యే అవకాశం ఉంది. రెండూ ఇంట్లోవే అయి, అంకెలు కలబడుతుంటే, లోపలి రౌటర్ లాన్ చిరునామాను 192.168.20.1 లాంటి వేరే శ్రేణికి మార్చండి. అప్పుడు రెండు పేజీలూ మీ ల్యాప్‌టాప్ నుంచే తెరుచుకుంటాయి. మీరు మార్చాలనుకున్న వైఫై ఏ పెట్టె నుంచి వస్తోందో ముందే చూసుకోండి, లేకపోతే ఒకదానిలో పాస్‌వర్డ్ మార్చి మరొకదాని కోసం ఎదురు చూస్తూ కూర్చుంటారు.

రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై మాత్రమే పంచే పెట్టెగా, మార్చి వాడుతుంటే దాని చిరునామా గేట్‌వే వరుసలో అసలు కనిపించదు. ప్రధాన రౌటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూడండి. పెట్టె కింది స్టిక్కర్ మీద ఉన్న మ్యాక్ చిరునామాతో (ప్రతి పరికరానికీ తయారీలోనే వేసే గుర్తింపు సంఖ్య, మ్యాక్ కంప్యూటర్‌తో సంబంధం లేదు) పోల్చుకుంటే ఏదో తెలుస్తుంది. చివరి అక్షరం ఒకటి అటూ ఇటూ ఉన్నా కంగారు పడకండి, ఒకే పెట్టెలో వైఫైకి ఒకటి, కేబుల్‌కు ఒకటి ఉంటాయి. జాబితాలో లేకపోతే అది తన పాత చిరునామా మీదే ఉండిపోయింది. అది 192.168.0.1 అనుకుంటే, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా దానికే కలిపి, చేతితో 192.168.0.10 అన్న చిరునామా, 255.255.255.0 అన్న సబ్‌నెట్ మాస్క్ పెట్టి పేజీ తెరవండి. పని అయ్యాక మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చడం మరవకండి, మరిచిపోతే ఆ ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ రాదు.

కొన్ని పెట్టెలకు వెబ్ పేజీయే ఉండదు. గూగుల్ నెస్ట్ వైఫై, ఈరో లాంటి మెష్ సెట్లను (ఇల్లంతా వైఫై అందించడానికి కలిసి పని చేసే పెట్టెలు) ఫోను యాప్‌తోనే నడపాలి. మీ గేట్‌వే 192.168.86.1 అని వచ్చిందంటే అది గూగుల్ పెట్టె అయి ఉంటుంది, బ్రౌజర్‌ను వదిలి యాప్ తెరవండి. ఆ మాటకొస్తే మీకు కావలసింది వైఫై పాస్‌వర్డ్ మార్చడం మాత్రమే. మీ ఇంటర్నెట్ సంస్థ యాప్‌లో ఆ సదుపాయం ఉంటే ఈ పేజీతో పని లేకుండానే ముగించవచ్చు.

లాగిన్ పేజీ వచ్చి పాస్‌వర్డ్ తప్పంటోందా? ఒక ఇంట్లో మూడు వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఉంటాయి: వైఫైకి ఒకటి, రౌటర్ పేజీకి ఒకటి, ఇంటర్నెట్ సంస్థ ఖాతాకు ఒకటి. వీటిని ఒకదాని చోట ఒకటి కొట్టడం చాలా సాధారణం. పాత రౌటర్లలో పేరు, పాస్‌వర్డ్ రెండూ అడ్మిన్ అని ఉండేవి. ఇప్పుడు అలా అందరికీ ఒకటే పెట్టడాన్ని కాలిఫోర్నియా 2020 నుంచి, బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి చట్టంతో అడ్డుకున్నాయి. అందుకే కొత్త పెట్టెల్లో ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద ఉంటుంది, లేదా మొదటిసారి మీరే పెట్టుకోమంటుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, బ్రౌజర్ ఎప్పుడో దాచుకున్న పాత పాస్‌వర్డ్‌ను మీకు తెలియకుండా నింపేస్తుంది. దాన్ని పూర్తిగా చెరిపి చేతితో టైప్ చేయండి. వరసగా తప్పు కొడితే చాలా రౌటర్లు కాసేపు తలుపు మూసేస్తాయి, అప్పుడు సరైనది కొట్టినా ఒప్పుకోవు. కాసేపు ఆగండి. ఒకేసారి ఒక్కరినే లోపలికి అనుమతించే రౌటర్లు కూడా ఉన్నాయి, ఇంట్లో మరొకరి ఫోనులో యాప్ తెరిచి ఉందేమో అడగండి.

ఇవన్నీ చూశాక, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదని తేలితే అప్పుడు రీసెట్ గురించి మాట్లాడుకోవచ్చు. దాని వల్ల పోయేవి ఏమిటో తెలిసి చేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద ఉన్నవాటికి తిరిగి వెళతాయి, అది పెద్ద నష్టం కాదు. కానీ కనెక్షన్‌కు పీపీపీఓఈ (సంస్థ ఇచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో రౌటర్ లాగిన్ అయ్యే పద్ధతి) వాడుతుంటే ఆ యూజర్ పేరు, పాస్‌వర్డ్ చెరిగిపోతాయి. సంస్థ తన నెట్‌వర్క్‌లో మీ కనెక్షన్‌ను వేరు చేయడానికి ఇచ్చే వీలాన్ సంఖ్య ఉంటే అదీ పోతుంది. ఫైబర్ పెట్టెల్లో సంస్థ నమోదు చేసిన వివరాలు కూడా పోవచ్చు, అప్పుడు వారు మళ్లీ అమర్చే దాకా ఇంటర్నెట్ ఉండదు. అందుకే పెట్టె సంస్థ ఇచ్చినదైతే ముందు వారికే ఫోను చేయండి. టీఆర్ 069 అనే పద్ధతిలో చాలా సంస్థలు ఆ పెట్టెలను దూరం నుంచే సరిచేయగలవు, రీసెట్ అవసరం లేకుండానే పాస్‌వర్డ్ మార్చి ఇవ్వగలవు. పెట్టె మీ సొంతమైతే పీపీపీఓఈ వివరాలు, వీలాన్ సంఖ్య అడిగి కాగితం మీద రాసుకున్నాకే ముందుకు వెళ్లండి.

రీసెట్ చేసేటప్పుడు రౌటర్ ఆన్‌లో ఉండాలి. పిన్నుతో సుమారు 10 సెకన్లు, దీపాలు మారే దాకా నొక్కి పట్టుకుని వదలండి. కొన్ని మోడళ్లలో డబ్ల్యూపీఎస్‌కూ (పాస్‌వర్డ్ కొట్టకుండా వైఫైకి కలిపే సదుపాయం) రీసెట్‌కూ ఒకటే బటన్ ఉంటుంది, కొద్దిసేపు నొక్కితే ఒకటి, ఎక్కువసేపు నొక్కితే మరొకటి. మళ్లీ లేచే దాకా కరెంటు తీయవద్దు.

ఏ దారిలో లోపలికి వెళ్లినా, వైఫై పాస్‌వర్డ్ మార్చాక వెంటనే బయటికి వచ్చేయకండి. రౌటర్ పేజీ పాస్‌వర్డ్ కూడా మార్చండి, బయటి నుంచి నడిపే సదుపాయం తెరిచి ఉంటే మూసేయండి, ఫర్మ్‌వేర్ కొత్తది ఉంటే ఎక్కించండి, సెట్టింగ్స్‌ను ఫైలుగా దాచుకునే వీలుంటే దాచుకోండి.

ఇంకా రాకపోతే ఈ వివరాలతో మళ్లీ రాయండి: పెట్టె మోడల్ పేరు, ఐపీకాన్ఫిగ్‌లో మీ చిరునామా, గేట్‌వే, పింగ్‌కు వచ్చిన జవాబు, కేబుల్ మీద ఏం జరిగింది, బ్రౌజర్ చూపించిన ఎర్రర్ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా. 192.168తో మొదలయ్యే చిరునామాలు రాయడం వల్ల ప్రమాదం లేదు. స్టిక్కర్ ఫోటో మాత్రం పెట్టవద్దు, అందులో సీరియల్ సంఖ్యతో పాటు పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయి.